మూర మొదలయ్యే చోటు

సాయంత్రం ఐదున్నరకి మా వీధి మలుపులో పూలబుట్ట దిగుతుంది. తడిగుడ్డ కింద మల్లెలు, కనకాంబరాలు, ఒక పక్కగా మరువం. మూర అడిగితే ఆమె దండ కొసను మధ్యవేలి చివర నొక్కిపట్టి, ముంజేతి మీదుగా పరుచుకుంటూ మోచేతి దాకా తెస్తుంది. అక్కడ ఒక్క లిప్త ఆగుతుంది. రెండో మూర కావాలంటే దండ మళ్ళీ వేలికొసకి వెళ్తుంది. తర్వాత దారం పుటుక్కున తెంపి, ఆకులో చుట్టి ఇస్తుంది.

ఈ వేసవిలో ఒకరోజు ఆమె ఎడమచేత్తో కొలుస్తోంది. కుడి మోచేతికి కాస్త కిందగా నల్లటి పట్టీ ఉంది.

"ఏమైందమ్మా?"

"గిన్నె ఎత్తలేకపోతన్నా మాస్టారూ. తువ్వాలు పిండితే ఇక్కడ గుంజేస్తంది," అని మోచేతి బయటివైపు పొడుచుకొచ్చిన ఎముక మీద వేలుపెట్టి చూపించింది. "చీటీ మీద టెన్నీసు అని రాశారంట. టెన్నీసంటే బంతాటే కదా? నేనెప్పుడాడాను?"

తెలుగు చెప్పుకుని బతికినవాణ్ణి. ఆమె నొప్పి గురించి నాకు తెలిసింది తక్కువ. ఆమె వేలుపెట్టిన చోటికి మన భాషలో ఉన్న పేరు మాత్రం నన్ను ఎన్నాళ్ళుగానో పట్టుకుని ఉంది. దానికి నా సొంత కారణం ఒకటుంది, తర్వాత చెబుతాను.

మోచేయిలో 'చేయి' అందరికీ తెలుసు. 'మో' ఏమిటి? అది ఒంటరిగా ఎక్కడా కనబడదు. మోకాలులో మళ్ళీ ఎదురవుతుంది, అంతే. బరువు మోసేది కాబట్టి మోచేయి, ఒంటిని మోసేది కాబట్టి మోకాలు అని చెప్పేవాళ్ళను విన్నాను. వినడానికి ముచ్చటగా ఉంటుంది గానీ మాట వచ్చిన దారి అది కాదు. పాత నిఘంటువుల్లో ఈ రెండు మాటలూ మోఁచేయి, మోఁకాలు అని అరసున్నతో కనిపిస్తాయి. అరసున్న ఉన్నచోట ఒకప్పుడు ముక్కుతో పలికే ధ్వని ఉండేదన్నమాట. ఇప్పుడు పక్క భాషల్లోకి తొంగిచూడండి. తమిళంలో మోచేయి ముఴంగై, మోకాలు ముఴంగాల్. మనం పోగొట్టుకున్న సున్న అక్కడ నిండుగా ఉంది. కన్నడంలో మొణకై, మొణకాలు. ఇక తమిళంలో 'ముఴం' అంటే, కన్నడంలో 'మొళ' అంటే ఏమిటి? మన మూర. మా వీధిలో మల్లెలు కొలిచే మూర.

మధ్యలో ఉన్న ఆ 'ఴ' అక్షరం పాత తెలుగు శాసనాల్లో ఉండేది. తర్వాత మన నోటికి పనికిరాకుండా పోయింది. పోతూ పోతూ రకరకాల గుర్తులు వదిలింది. తమిళుల ఏఴు మనకు ఏడు, కోఴి మనకు కోడి. అక్కడ 'డ' అయింది. పుఴు మనకు పురుగు. అక్కడ 'ర' అయింది. ముఴం మూర కావడం ఈ రెండో దారి. మరి మోచేయిలో ఆ 'ర' ఏది? దీనికి నాకు దొరికిన సాక్షి గుడిగంట. తమిళంలో ముఴంగు అంటే పెద్దగా ధ్వనించడం. అది తెలుగులో మ్రోఁగు అయి, క్రావడి జారిపోయి, అరసున్న రాలిపోయి, ఇవాళ 'మోగు'గా మిగిలింది. గంట మోగడానికీ మోకాలికీ అర్థంలో ఏ చుట్టరికమూ లేదు. అయినా ముఴంగు ఎలా 'మోగు' అయిందో, ముఴంగాల్ అలాగే మోకాలు అయింది. ధ్వని ఒక్కసారి దారి మార్చుకుంటే తన వెనకొచ్చిన మాటలన్నిటినీ ఆ దారినే లాక్కుపోతుంది. పదాల చరిత్రలో నన్ను ఇంతగా నిలబెట్టే విషయం మరొకటి లేదు.

అలా చూస్తే మోచేయి అంటే మూరచేయి. మోకాలు మూరకాలు, నేల నుంచి మోకాటి చిప్ప దాకా కూడా ఇంచుమించు మూరే ఉంటుంది. మన పూర్వులు ఆ కీలుకు పేరు పెట్టేటప్పుడు దాని వంపును చూడలేదు. అక్కడి నుంచి వేలికొస దాకా ఎంత దూరమో చూశారు. నాలుగు వేళ్ళ వెడల్పు బెత్తెడు, మూడు బెత్తెలు జానెడు, రెండు జానలు మూరెడు, నాలుగు మూరలు బారెడు. మనిషి తన ఒంటినే కొలబద్దగా తొడుక్కుని తిరిగిన కాలపు మాట ఇది. ఆ కొలబద్దకు సున్నా గీత మోచేయి.

ఇక్కడ మన బడిపుస్తకం ఒక గొప్ప సంగతి దాచిపెట్టుకుంది. తెలుగు మాధ్యమంలో చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది: దండచేతిలో ఉన్నది భుజాస్థి, ముంజేతిలో ఉన్నవి రత్ని, అరత్ని. బొటనవేలి వైపుది రత్ని, చిటికెనవేలి వైపుది అరత్ని. పరీక్ష కోసం బట్టీపట్టి వదిలేసిన ఈ రెండు పేర్లూ సంస్కృతంలో కొలతలే. మోచేయి నుంచి బిగించిన పిడికిలి దాకా ఉన్న దూరం రత్ని. పిడికిలిలో చిటికెనవేలు ఒక్కటి చాస్తే అరత్ని. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో అరత్ని అంటే ఇరవై నాలుగు అంగుళాల మూర. ఆ అంగుళం వేలి వెడల్పు, మన స్కేలు మీది అంగుళం కాదు. అంటే మన ముంజేతిలోని రెండు ఎముకలూ రెండు మూరకర్రలు. ఇంగ్లీషువాళ్ళు చిటికెనవేలి వైపు ఎముకను లాటిన్‌లో అల్నా అంటారు. అదీ మూరే. అల్నా, అరత్ని ఒకే మూలం నుంచి చీలిన మాటలని భాషాశాస్త్రం చెబుతుంది. ఎల్బోలో మొదటి ముక్క 'ఎల్' ఆ కుటుంబానిదే. దానికి వంపు అనే అర్థమున్న 'బో' అతికించుకుని వాళ్ళు మూరవంపు అన్నారు. మనం మూరచేయి అన్నాం. ఏ సంబంధమూ లేని రెండు భాషాకుటుంబాలు ఒకే కీలు దగ్గర ఒకే ఆలోచన చేశాయి. బట్ట కొలవాలన్నా తాడు కొలవాలన్నా అందరికీ ఉన్నది ఒకే చేయి కదా.

రత్నికి లాటిన్ పేరు వేరే తోవలో వచ్చింది. రేడియస్ అంటే బండిచక్రపు ఆకు. ఆ పేరు పెట్టినవాళ్ళు దాని పని చూసి పెట్టారో రూపు చూసి పెట్టారో గానీ, పనికి బాగా అతికింది. అరచేయి పైకి పెట్టి దోసిలి పట్టండి, తర్వాత బోర్లించండి. అరత్ని దాదాపు కదలదు. రత్ని దాని చుట్టూ తిరుగుతుంది. తాళం తిప్పడం, గరిట తిప్పడం, ఆవకాయ కలపడం, అన్నం ముద్ద నోటికి అందించడం, అన్నీ ఆ తిరుగుడు మీదే నడుస్తాయి. మోచేతిలో ఉన్నది ఒక కీలు అనుకుంటాం. ఒకే సంచిలో మూడు కీళ్ళున్నాయి. భుజాస్థికీ అరత్నికీ మధ్య ఉన్నది తలుపు బందులా వంగి సాగే మడతబందు కీలు. రత్ని తల అరత్ని పక్కన తిరిగేది బొంగరపు కీలు. మూడోది రత్ని తలకీ భుజాస్థికీ మధ్య ఉన్నది, ఈ రెండు పనుల్లోనూ చేయి కలుపుతుంది. మడతబందు, బొంగరం అనే మాటలు కూడా బడిపుస్తకాలవే. వాటిని ఎవరు కుదిర్చారో గానీ వాళ్ళకు దండం పెట్టాలి. తలుపునూ బొంగరాన్నీ చూసిన పిల్లవాడికి మరో వివరణ అక్కర్లేదు.

ఒక్కసారి మీ మోచేతిని మీరే తడిమి చూడండి. చేయి చాచి, వెనక నుంచి వేళ్ళు పెడితే మూడు ఎముక మొనలు తగులుతాయి: లోపల ఒకటి, బయట ఒకటి, మధ్యలో అరత్ని కొన. చేయి చాచినప్పుడు మూడూ ఒకే గీత మీద ఉంటాయి. చేయి మడిస్తే మధ్య మొన కిందికి దిగి త్రికోణం అవుతుంది. ఎక్స్‌రే లేని చోట వైద్యుడికి ఈ త్రికోణమే ఆధారం. పడిన పిల్లవాడి మోచేయి ఉబ్బిపోయి ఉన్నప్పుడు త్రికోణం చెదరకపోతే విరుపు పైన, భుజాస్థిలో ఉండొచ్చు. త్రికోణం చెదిరితే కీలే తొలగి ఉండొచ్చు.

నా సొంత కారణం ఇక్కడే ఉంది. పదేళ్ళప్పుడు చింతచెట్టు మీంచి పడ్డాను. పడేటప్పుడు ఎవరైనా చేసేదే చేశాను, చేయి చాచి నేలను ఆపబోయాను. ఎడమ మోచేతికి రెండు వేళ్ళ పైన భుజాస్థి విరిగింది. పిల్లల మోచేతి విరుపుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే. ఎముక అక్కడ పలచగా, అప్పడంలా ఉంటుంది. ఊళ్ళో కట్లు కట్టే ఒకాయన వెదురుబద్దలు పెట్టి, కోడిగుడ్డు సొన పూసి బిగించి కట్టాడు. రాత్రికి వేళ్ళు నల్లబడ్డాయి. గిల్లితే తెలియలేదు. నాన్న లాంతరు దగ్గరికి లాక్కుని, కొడవలితో కట్టు కోసేశాడు. నొప్పి తిరిగి వచ్చినప్పుడు నేను అరిచిన అరుపు విని ఆయన నవ్వాడని అమ్మ చెబుతుండేది. చేతికి ప్రాణం ఉందని అప్పుడు తెలిసింది ఆయనకి. బిగుతు కట్టు కింద నెత్తురు ఆగి ముంజేతి కండ చచ్చిపోయి, వేళ్ళు కొంకర్లు పోవడాన్ని జర్మన్ శస్త్రవైద్యుడు ఫోక్‌మన్ 1881లో వివరంగా రాశాడు. ఆ సంగతి నేను చదివింది నలభై ఏళ్ళు దాటాక. చదువుతూ వేళ్ళు ముడిచి తెరిచి చూసుకున్నాను.

వేళ్ళు దక్కాయి. ఎముక మాత్రం కాస్త పక్కకి అతుక్కుంది. చేతులు దించి అరచేతులు ముందుకి తిప్పి నిలబడితే ఎవరికైనా ముంజేయి ఒంటికి దూరంగా పది పదిహేను డిగ్రీలు జరిగి ఉంటుంది. బిందె మోసుకొచ్చేటప్పుడు తుంటికి తగలకుండా ఉండేది ఆ వంపు వల్లే. నా ఎడమచేయి లోపలికి తిరిగి ఉంటుంది. చొక్కా కొలతలు తీసుకున్న ప్రతి దర్జీ ఎడమ చెయ్యి దగ్గర ఒక్క క్షణం ఆగేవాడు.

సుశ్రుతుడు ఒంట్లో నూట ఏడు మర్మాలు లెక్కపెట్టాడు. మోచేతిది కూర్పర మర్మం, మోకాటిది జాను మర్మం. దెబ్బతింటే ప్రాణం పోదు, అవిటితనం మిగులుతుంది. మోకాలైతే కుంటి, మోచేయైతే చేయి వంకర. అక్కడా మోచేయీ మోకాలూ జంటే. కూర్పరం, కఫోణి అనే సంస్కృత పేర్లు మన కావ్యాల్లో, వైద్యగ్రంథాల్లో ఉండిపోయాయి గానీ ఇంటిలోకి రాలేదు. కోస్తాలో మోచెయ్యి, తెలంగాణలో మోశెయ్యి. దెబ్బ తగిలినప్పుడు నోటికొచ్చేది ఇదే.

దెబ్బ అంటే గుర్తొచ్చింది. తలుపు అంచుకి మోచేయి లోపలివైపు తగిలితే చిటికెనవేలి దాకా కరెంటు కొట్టినట్టు జిల్లుమంటుంది. "నరానికి తగిలింది" అంటాం. మన 'నరం' చాలా బరువు మోస్తున్న మాట. నెత్తుటి గొట్టం నరమే, కండను ఎముకకు కట్టే తాడూ (టెండన్) నరమే, తెలివిని మోసే తీగా నరమే. మెడ పట్టేస్తే నరం, కాలు గుంజితే నరం. ఈ ఒక్కచోట మాత్రం వైద్యుడూ మామ్మా ఒకే మాటంటారు, ఇద్దరిదీ నిజమే. అరత్ని వెంబడి నడిచే నరం లోపలి మొన వెనక చిన్న గాడిలో చర్మం కిందే పోతుంది, కాపాడటానికి కండ ఉండదు. చిటికెనవేలు, ఉంగరపు వేలిలో సగం దాని పరిధి. జిల్లుమనేది కూడా కచ్చితంగా అక్కడి వరకే.

పసిపిల్లల విషయంలో మన మామ్మలకి శాస్త్రం తెలుసు. "రెట్ట పట్టి లాగకే, చెయ్యి జారుద్ది, చంకలో చేతులేసి ఎత్తు" అని కేకలేస్తారు. ఏడాది నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లల్ని చేయి పట్టి విసురుగా పైకి లేపితే, రత్ని తల దాన్ని చుట్టిన ఉంగరం లాంటి పట్టీలోంచి కొంచెం జారుతుంది. పిల్ల ఏడుస్తుంది, చేయి వేలాడేస్తుంది, ఎవర్నీ తాకనివ్వదు. తెలిసిన వైద్యుడు ముంజేయి తిప్పి మడిస్తే టక్కున చేరుతుంది, పది నిమిషాల్లో పిల్ల బొమ్మ అందుకుంటుంది. 'జారింది' అన్న మాటకన్నా సరైన మాట వైద్యగ్రంథంలోనూ లేదు. కబడ్డీ కోర్టులో పట్టు పట్టబోయి చేయి చాచి పడ్డ కుర్రాడిది వేరు. అరత్ని కొన మొత్తం వెనక్కి పోయి మోచేయి గూడు దాటుతుంది. పెద్దవాళ్ళలో భుజం తర్వాత ఎక్కువగా తొలిగే పెద్ద కీలు మోచేయే. దాన్ని 'తొలిగింది' అనాలి, 'బెణికింది' అంటే తేలిక చేసినట్టే. కోర్టు పక్కన నిలబడ్డవాళ్ళు ఈ రెండు మాటల తేడా తెలుసుకుని, చేయి లాగకుండా కట్టి ఆసుపత్రికి తీసుకెళ్తే ఎంతో మేలు.

ఇక ఆమె అడిగిన టెన్నిస్ సంగతి. ఈ నొప్పిని 1873లో రుంగే అనే జర్మన్ వైద్యుడు మొదట వివరించింది రాతపని చేసేవాళ్ళ జబ్బుల గురించి రాస్తూ. కలం పట్టినవాళ్ళ నొప్పిగా పుట్టింది ఇది. తర్వాత పదేళ్ళకి ఇంగ్లండులో పచ్చికబయలు మీద టెన్నిస్ కొత్త మోజుగా ఉన్నరోజుల్లో, 1883లో ఒక వైద్య పత్రికలో 'లాన్ టెన్నిస్ ఎల్బో' అన్న పేరు అచ్చయింది. తీరిక ఉన్నవాళ్ళ ఆట కాబట్టి పేరు నిలిచింది. గుమాస్తా పేరు నిలవలేదు. పూలు కట్టేవాళ్ళ పేరు పెట్టాలని ఎవరికీ తోచదు. ఈ నొప్పితో వచ్చేవాళ్ళలో ఎక్కువమంది రాకెట్టు ముట్టనివాళ్ళే. తాపీ పట్టేవాళ్ళు, బట్టలు పిండేవాళ్ళు, రంగులు వేసేవాళ్ళు. మణికట్టును పైకెత్తి నిలిపే కండరం మోచేతి బయటి మొన దగ్గర అతుక్కుని ఉంటుంది. పూలు కట్టేటప్పుడు మణికట్టు గంటలకొద్దీ పైకెత్తే ఉంటుంది, వేళ్ళు దారాన్ని బిగిస్తూ ఉంటాయి. ప్రతి ముడికీ ఆ మొన దగ్గర ఒక చిన్న గుంజు. రోజుకి ఎన్ని మూరలు, మూరకి ఎన్ని ముళ్ళు?

వైద్యులు దీన్ని ఎపికాండిలైటిస్ అంటారు. 'ఐటిస్' అంటే వాపు, మంట. 1970ల చివర్లో ఆపరేషన్‌లో తీసిన ముక్కలను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే వాపు కణాలు కనబడలేదు. కనబడింది పీచు చిట్లి, సరిగ్గా అతుక్కోక చిందరవందరైన తాడు. పేరులో అబద్ధం ఉంటే వైద్యమూ అటే పోతుంది. మంట అనుకుని మంట తగ్గించే స్టెరాయిడ్ సూది వేస్తే కొన్ని వారాలు హాయిగా ఉంటుంది. ఏడాది తర్వాత చూస్తే సూది వేయించుకోనివాళ్ళే మెరుగ్గా ఉన్నారని పరిశోధనల్లో తేలింది. చాలామందికి ఏడాది, ఏడాదిన్నరలో తనంతట తనే నెమ్మదిస్తుంది. ఈలోగా చేయాల్సింది భారం తగ్గించడం, తర్వాత కొంచెం కొంచెంగా బలం పెంచడం. మన నూలు వడికేవాళ్ళని అడిగితే 'పురి విడింది' అనేవాళ్ళు. నాకా మాట ఎపికాండిలైటిస్ కన్నా నచ్చుతుంది, నిజానికి దగ్గరగా ఉంటుంది కూడా.

తెలుగునాట టీకొట్ల దాకా ఈ పేరు వచ్చింది 2004లో, సచిన్ వల్ల. బరువైన బ్యాటు పట్టే ఆ చేతికి టెన్నిస్ ఎల్బో అన్నారు. ఆస్ట్రేలియా మన దేశానికి వస్తే మొదటి రెండు టెస్టులూ ఆడలేదు. 2005 మేలో లండన్‌లో ఆపరేషన్ అయింది. అక్టోబరులో నాగపూర్‌లో శ్రీలంక మీద 93 కొట్టాడు, డిసెంబరులో ఢిల్లీలో ముప్పై ఐదో టెస్టు సెంచరీ చేసి గావస్కర్‌ను దాటాడు. ఆ ఏడాది మొత్తం మా బడి వరండాలో పిల్లలు తమ మోచేతుల్ని తడుముకుంటూ 'ఎల్బో' అనేవారు. "మోచెయ్యి అనండిరా" అంటే, "అది మామూలు మోచెయ్యి కాదు సార్" అన్నాడొకడు.

విసిరే ఆటల్లో నొప్పి లోపలివైపు వస్తుంది. బల్లెం విసిరేవాడి చేయి వెనక్కి వెళ్ళి ముందుకి దూసుకొచ్చే క్షణంలో మోచేయి లోపలివైపు తెరుచుకోబోతుంది. దాన్ని తెరుచుకోకుండా పట్టి ఉంచేది భుజాస్థి లోపలి మొనకీ అరత్నికీ మధ్య ఉన్న ఒక చిన్న పట్టీ. నీరజ్ చోప్రాకి 2019 మేలో మోచేతి ఆపరేషన్ జరిగింది, ఆ ఏడాది ప్రపంచ పోటీలకి వెళ్ళలేకపోయాడు. 2021 ఆగస్టు 7న టోక్యోలో 87.58 మీటర్లు. బేస్‌బాల్‌లో ఈ పట్టీ తెగిందంటే ఆట ముగిసినట్టే అనుకునే రోజుల్లో, 1974లో ఫ్రాంక్ జోబ్ అనే వైద్యుడు టామీ జాన్ అనే ఆటగాడి కుడి ముంజేతిలోని టెండన్ తీసి ఎడమ మోచేతిలో కట్టాడు. ఆ టెండన్ మీకుందో లేదో చూసుకోవచ్చు. బొటనవేలికి చిటికెనవేలు ఆనించి మణికట్టు కాస్త మడిస్తే మధ్యలో తాడులా లేస్తుంది. కొందరికి పుట్టుకతోనే ఉండదు, లేకపోయినా లోటు తెలియదు. నూటికి ఒక్క పాలు ఆశ అని వైద్యుడు చెప్పిన ఆ చేయి 1976లో మళ్ళీ ఆటకొచ్చి, ఆ తర్వాత 164 ఆటలు గెలిచింది. వైద్యంలో సాధారణంగా డాక్టరు పేరు నిలుస్తుంది. ఈ ఆపరేషన్‌కి రోగి పేరు నిలిచింది, టామీ జాన్ సర్జరీ అని.

నన్ను ఎక్కువ కదిలించింది మాత్రం శ్రీలంక క్రికెట్ బౌలర్ మురళీధరన్ మోచేయి. ఆయన క్యాండీ తమిళుడు. పుట్టుకతోనే ఆ చేయి పూర్తిగా సాగదు. 1995 డిసెంబరు 26న మెల్‌బోర్న్‌లో అంపైర్ డారెల్ హెయిర్ ఆయన్ని ఏడుసార్లు నోబాల్ అన్నాడు, బంతి వేయడం లేదు, విసురుతున్నాడని. అప్పుడు మన వీధుల్లోనూ 'వంకర చెయ్యి' అనే మాట నడిచింది. నిబంధన ఏమంటుందో ఎవరూ చదవలేదు. చేయి భుజం ఎత్తుకి వచ్చాక బంతి వదిలేలోపు మోచేయి సాగకూడదు, అంతే. వంగి ఉండటం తప్పు కాదు. వంగింది సాగడం తప్పు. వంపూ సాగుడూ వేరు వేరు క్రియలు. ఆ తేడా పట్టుకోలేక ఒక మనిషిని ఏళ్ళ తరబడి దొంగ అన్నారు. ప్రయోగశాలల్లో కెమెరాలు పెట్టి కొలిస్తే, నిటారుగా వేస్తున్నారని అందరూ నమ్మిన బౌలర్ల మోచేతులు కూడా కొన్ని డిగ్రీలు సాగుతున్నాయని తేలింది. ఉత్త కంటికి అందేది దాదాపు పదిహేను డిగ్రీలు దాటాకే. 2005 నుంచి ఆ పదిహేనే హద్దు అయింది. 2010 జూలైలో గాలేలో ఆయన ఎనిమిది వందలో వికెట్ తీశాడు, తన చివరి టెస్టు బంతికి. ఔటైంది హైదరాబాద్ జట్టుకి ఆడిన ప్రజ్ఞాన్ ఓఝా. తర్వాత మురళీధరనే హైదరాబాద్ ఐపీఎల్ కుర్రాళ్ళకి బౌలింగ్ నేర్పాడు. ఆయన ఇంటిభాషలో ఆ కీలు పేరు ముఴంగై, మూరచేయి. పేరులోనే కొలత ఉన్న కీలును ప్రపంచమంతా డిగ్రీల్లో కొలిచింది. వంకర ఎడమచేయి ఉన్నవాణ్ణి, ఆ కొలతలు వచ్చిన రోజు పేపరు కత్తిరించి దాచుకున్నాను.

ఇంకొక్క ఆట, బరువులెత్తడం. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో మన శ్రీకాకుళం జిల్లా కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఆ ఆట నిబంధనల్లో రెండు మోచేతివే. బరువు తలపైకి వెళ్ళాక మోచేయి వంగి మళ్ళీ సాగితే ఎత్తినట్టు లెక్క కాదు. బరువును భుజాల మీదికి తెచ్చుకుని కూర్చున్నప్పుడు మోచేయి తొడకి గానీ మోకాలికి గానీ తగలకూడదు. ఈ రెండో నిబంధన చదివి చాలాసేపు పుస్తకం మూయలేదు. వేల ఏళ్ళుగా భాషలో జంటగా నడిచిన మోచేయీ మోకాలూ, వంద కిలోలు మీదున్నప్పుడు ఒకదాన్నొకటి తాకకూడదు.

మోచేతి చుట్టూ మన వాడుక చెప్పేది ఎక్కువగా పేదరికం గురించే. ఇంకొకడి దయ మీద బతకడాన్ని 'మోచేతి నీళ్ళు తాగడం' అంటాం. ఒకడు దోసిలితో తాగుతుంటే మోచేతి మీంచి కారే నీళ్ళకి మరొకడు నోరు పట్టడం. చెంబు ముట్టనివ్వని ఊళ్ళో పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగినవాళ్ళకి ఆ మాట ఉత్త పోలిక కాదు. అందని ఆశ చూపడాన్ని మోచేతికి బెల్లం పూసి నాకమన్నట్టు అంటాం. దాదాపు ఎవరి నాలుకా వాళ్ళ మోచేతిని అందుకోలేదు, ఎవరైనా ప్రయత్నించవచ్చు. ఒక కీలు నీళ్ళు జారే చోటూ అయింది, నోటికి అందని చోటూ అయింది.

మొన్న మళ్ళీ పూలబుట్ట దగ్గరికి వెళ్ళాను. టెన్నిస్ సంగతి నాకు వచ్చినంతలో చెప్పాను. రాతపని చేసేవాళ్ళ జబ్బు అది మొదట, అన్నాను. "అయితే మీది నాకొచ్చిందా మాస్టారూ," అంది. పూలు కట్టడం కూతురికి అప్పగించి, సాయంత్రం అమ్మకం మాత్రం తను చూసుకుంటోందట. రెండు మూరలు అడిగాను. ఎడమచేత్తోనే పరిచింది, దండ వేలికొస నుంచి మోచేతి దాకా, మళ్ళీ మోచేతి నుంచి వేలికొస దాకా. తెంపబోయి ఆగి, ఇంకో బెత్తెడు వదిలి తెంపింది.

"ఈ చెయ్యి మూర పొట్టి," అంది.